పాత బ్రిటిష్ రైల్వేల్లో సిగ్నల్ మాన్ రోజంతా ఏం చేసేవాడు? ఇంటర్‌లాకింగ్ ఉండి కూడా అన్ని యాక్సిడెంట్లు ఎందుకయ్యాయి?

గూడ్స్ బండి:

అందరికీ నమస్తే. కొన్నాళ్లుగా 1900ల నాటి బ్రిటన్ రైల్వేల మీద వీడియోలు తెగ చూస్తున్నా. సిగ్నల్ బాక్స్ అని, మెట్లెక్కి వెళ్లే చెక్క గది, చుట్టూ అద్దాలు, లోపల వరసగా ఎరుపు నలుపు నీలం రంగుల లివర్లు, ఒకాయన చేతిలో గుడ్డ పెట్టుకుని ఒక్కొక్కటీ లాగుతుంటాడు. చూడ్డానికి బాగుంది కానీ ఆ పని నాకు సరిగ్గా అర్థం కాలేదు. లివర్ లాగడమే పని అయితే మిగతా టైమంతా ఏం చేసేవాడు? ఇంకో డౌట్, అసలు డౌట్ ఇదే. 1889 లో చట్టం చేసి ఇంటర్‌లాకింగ్ (తప్పు లివర్ కదలకుండా లివర్ల మధ్య తాళం) తప్పనిసరి చేశారు, ఒక సెక్షన్‌లో (రెండు బాక్సుల మధ్య లైను) ఒక టైంకి ఒక్క బండే ఉండాలన్నారు, ప్యాసింజర్ బండ్లకి ఫుల్ బ్రేకులు పెట్టమన్నారు. ఇన్ని చేశాక కూడా 1910 లో, 1915 లో అంత ఘోరంగా గుద్దుకున్నాయంటే లోపం ఎక్కడ ఉన్నట్టు? ఆ గుడ్డ ఎందుకో కూడా ఎవరైనా చెప్పండి ప్లీజ్, నవ్వకండి.

పాత లివర్:

నవ్వేదేం లేదు బాబూ, గుడ్డ సంగతే ముందు చెప్తా. లివర్ పైభాగం పాలిష్ పెట్టిన ఇనుము. ఉత్త చేత్తో పట్టుకుంటే చెమటకి తుప్పు పడుతుంది. బాక్స్‌లో పనిచేసేవాళ్లకి ఆ మెరుపు అంటే మహా పట్టింపు, గుడ్డ లేకుండా లివర్ ముట్టుకుంటే పక్కవాడు ఊరుకోడు. నేను స్టేషన్ మాస్టర్‌గా చేసి రిటైర్ అయ్యాను, మా సర్వీసులో కూడా లివర్ ఫ్రేములు చూశాం కాబట్టి ఆ పట్టింపు ఎలాంటిదో తెలుసు.

ఇక పని. లివర్ లాగితే దూరంగా ఉన్న సిగ్నల్ గానీ, బండిని ఇంకో లైన్‌కి మళ్లించే పాయింట్లు గానీ కదులుతాయి, కానీ అది పనిలో చిన్న భాగం. ఎక్కువ భాగం చెవితో, పెన్నుతో. ఏ, బి, సి అని వరసగా మూడు బాక్సులు ఉన్నాయనుకోండి. ఏ దగ్గరికి ఎక్స్‌ప్రెస్ వస్తోంది. వాడు బెల్లు మీద బి కి ఒక దెబ్బ కొడతాడు, అంటే వింటున్నావా అని. బి తిరిగి ఒక దెబ్బ కొడతాడు. అప్పుడు ఏ నాలుగు దెబ్బలు కొడతాడు, ఎక్స్‌ప్రెస్ ఉంది తీసుకుంటావా అని. ఇప్పుడు బి చూసుకోవాల్సినవి రెండు. ముందు పోయిన బండి పూర్తిగా పోయిందా, తన హోమ్ సిగ్నల్ (బాక్స్‌కి ముందు బండి ఆగాల్సిన సిగ్నల్) దాటి ఇంకో 440 గజాల దాకా లైను ఖాళీగా ఉందా. ఉంటే అవే నాలుగు దెబ్బలు తిరిగి కొట్టి, ముందున్న బ్లాక్ ఇన్‌స్ట్రుమెంట్ హ్యాండిల్ తిప్పుతాడు, రెండు బాక్సుల్లోనూ సూది లైన్ క్లియర్ మీదికి వస్తుంది. ఖాళీ లేదంటే అసలు జవాబే ఇవ్వడు, మౌనంగా ఉండటమే కాదని చెప్పడం. లైన్ క్లియర్ వచ్చాకే ఏ తన సిగ్నల్ చెయ్యి దించుతాడు, అంటే బండిని పొమ్మని. బండి ఏ దాటగానే రెండు దెబ్బలు, బి దాన్ని విని సూదిని ట్రెయిన్ ఆన్ లైన్ మీద పెట్టి, తను మళ్లీ సి ని అడగడం మొదలెడతాడు. బండి బి ముందు నుంచి పోతున్నప్పుడు ఆఖరి పెట్టె వెనక టెయిల్ ల్యాంప్ ఉందో లేదో కళ్లతో చూడాలి, ఎందుకంటే అది ఉంటేనే బండి మొత్తం వచ్చినట్టు, లేదంటే కప్లింగ్ తెగి నాలుగు పెట్టెలు వెనక సెక్షన్‌లో ఉండిపోయాయేమో అని అనుమానం. ల్యాంప్ చూశాక ఏ కి రెండు దెబ్బలు, చిన్న గ్యాప్, ఒక దెబ్బ. సెక్షన్ ఖాళీ. సూది మళ్లీ మామూలు స్థానానికి.

ఇదంతా ఒక్క బండికి, ఒక్క దిక్కున. ఎదుటి లైన్లో ఇంకో బండి, పక్కన గూడ్స్ షంటింగ్, వీటన్నిటికీ ఇదే తంతు. ప్రతి దెబ్బ టైమూ రిజిస్టర్‌లో రాయాలి. ఎటు వైపు బెల్లుకి అటు వేరే శబ్దం పెట్టేవాళ్లు, ఒకటి గంటలా, ఇంకోటి తీగ చుట్ట మీద కొట్టినట్టు, తల తిప్పకుండానే ఎవడు పిలుస్తున్నాడో తెలియాలి కదా. ఏదైనా అడ్డం పడితే ఆరు దెబ్బలు, ముందు పిలుపు దెబ్బ కూడా అక్కర్లేదు, నేరుగా ఆరు. ఆ ఆరు వినగానే చేతిలో ఉన్నది పడేసి సిగ్నళ్లన్నీ డేంజర్‌కి, అంటే ఆగు అనే స్థానానికి, తిప్పేయాలి.

లివర్ లాగడం కూడా తేలిక కాదు లెండి. డిస్టెంట్ సిగ్నల్, అంటే ముందే హెచ్చరించే సిగ్నల్, వెయ్యి గజాల అవతల ఉంటుంది, అంత దూరం ఒక ఇనప తీగ కప్పీల మీద పోతుంది. ఎండకి తీగ సాగుతుంది, చలికి బిగుస్తుంది. సాగిన రోజు లివర్ మొత్తం లాగినా అవతల చెయ్యి సగమే దిగుతుంది, అందుకని తీగ బిగించే చక్రం తిప్పుకోవాలి. కండబలం కంటే ఒడుపు కావాలి, కాలు ఫ్రేముకి ఆనించి ఒంటి బరువంతా వెనక్కి వేయాలి. చిన్న ఊరి బాక్సులో పది ఇరవై లివర్లు ఉంటే, ష్రూస్‌బరీ దగ్గర సెవర్న్ బ్రిడ్జ్ జంక్షన్ బాక్స్‌ని 1903 లో 180 లివర్లతో కట్టారు. యార్క్‌లో 1909 నాటి లోకోమోటివ్ యార్డ్ బాక్స్‌లో 295. అలాంటి చోట ఒక్కడి వల్ల కాదు, నలుగురైదుగురు ఉంటారు, రిజిస్టర్ రాయడానికే ఒక కుర్రాణ్ని పెట్టేవాళ్లు.

డిస్టెంట్ సిగ్నల్:

పాత లివర్ గారు సూపర్‌గా చెప్పారు సర్. నేను ఆ అసలు డౌట్‌కి వస్తా.

గూడ్స్ బండి బ్రో, ఇంటర్‌లాకింగ్ అంటే లివర్‌కీ లివర్‌కీ మధ్య తాళం. పాయింట్లు సైడింగ్ (పక్క లైను) వైపు ఉంటే మెయిన్ లైన్ సిగ్నల్ లివర్ కదలదు, అంతే. పట్టాల మీద బండి నిలబడి ఉందా లేదా అనేది ఆ ఇనుముకి తెలీదు. ఆ విషయం తెలిసింది ఒక్క సిగ్నల్ మాన్ బుర్రకే. ఆయన మర్చిపోతే మెషిన్ ఏం అభ్యంతరం చెప్పదు, లివర్ హాయిగా వచ్చేస్తుంది. నువ్వు చెప్పిన రెండు యాక్సిడెంట్లూ సరిగ్గా ఆ ఖాళీలోనే జరిగాయి.

1910 డిసెంబర్ 24, మిడ్‌లాండ్ రైల్వే, హాస్ జంక్షన్. కొండ ప్రాంతం, ఎక్కుడు ఎక్కువ. మిడ్‌లాండ్ వాళ్లవి చిన్న ఇంజన్లు, అందుకని ఎక్కే బండ్లకి ముందు ఇంకో ఇంజన్ తగిలించి, గట్టు ఎక్కాక విప్పేసేవాళ్లు. ఆ విప్పిన ఉత్త ఇంజన్లన్నీ హాస్ జంక్షన్‌కి వచ్చి తిరగాలి. క్రిస్మస్ ముందు రోజు కదా, తెల్లవారుజామున అక్కడ ఇంజన్లు కుప్పలు తెప్పలుగా చేరాయి. ఆల్‌ఫ్రెడ్ సటన్ అనే సిగ్నల్ మాన్ వాటిని అటూ ఇటూ సర్దుతూ, కార్లైల్ వైపు పోవాల్సిన రెండు ఇంజన్లని జోడీగా బాక్స్ అవతల ఆఖరి సిగ్నల్ దగ్గర నిలబెట్టాడు. ఆ తర్వాత మర్చిపోయాడు. చీకటి, పైగా వర్షం. లండన్ నుంచి గ్లాస్గో పోయే రాత్రి ఎక్స్‌ప్రెస్‌కి లైన్ క్లియర్ తీసుకుని సిగ్నళ్లన్నీ దించాడు. ముందు నిలబడ్డ ఇంజన్ల డ్రైవర్లు ఏమనుకున్నారు, సిగ్నల్ మాకే వచ్చింది అనుకుని మెల్లగా బయల్దేరారు. వెనక నుంచి ఎక్స్‌ప్రెస్ ఫుల్ స్పీడ్‌లో వచ్చి వాటిని అందుకుంది. పెట్టెల్లో గ్యాస్ దీపాలు, మంటలంటుకుని 12 మంది చనిపోయారు.

ఇక్కడ ఆ డ్రైవర్ల తప్పు కూడా ఉందిరా బాబూ. రూల్ 55 అని ఒకటి ఉండేది, సిగ్నల్ దగ్గర బండి ఆగిపోతే ఫైర్‌మన్ గానీ గార్డ్ గానీ నడుచుకుంటూ బాక్స్‌కి వెళ్లి అయ్యా మేమిక్కడున్నాం అని గుర్తు చేయాలి. పొగమంచు, మంచు కురుస్తుంటే వెంటనే, మామూలప్పుడు కొద్ది నిమిషాల్లో. వీళ్లు ఇరవై నిమిషాల దాకా అక్కడే నిలబడ్డారు, ఒక్కరూ వెళ్లలేదు.

1915 మే 22 క్వింటిన్స్‌హిల్ ఇంకా దారుణం. గ్రెట్నా దగ్గర, కాలెడోనియన్ రైల్వే. మీకిన్ రాత్రి డ్యూటీ, టిన్స్‌లీ పొద్దున డ్యూటీ. ఆరు గంటలకి చేతులు మారాలి. కానీ వీళ్లిద్దరూ ఒక ఒప్పందం చేసుకున్నారు, లోకల్ బండి అక్కడ ఆగే రోజుల్లో టిన్స్‌లీ అందులో ఎక్కి ఆరున్నరకి దిగేవాడు, నడక తప్పుతుంది. దొరక్కుండా ఉండటానికి ఆరు దాటాక వచ్చిన ఎంట్రీలన్నీ మీకిన్ చిత్తు కాగితం మీద రాసిపెట్టేవాడు, టిన్స్‌లీ వచ్చి తన చేతిరాతతో రిజిస్టర్‌లోకి ఎక్కించుకునేవాడు. ఆ రోజు లండన్ నుంచి వచ్చే రాత్రి ఎక్స్‌ప్రెస్‌లు లేటు, పక్కనుండే రెండు లూపు లైన్లలోనూ గూడ్స్ బండ్లు ఉన్నాయి, దాంతో ఆ లోకల్‌ని ఎదుటి లైన్ మీదికి వెనక్కి తోసి నిలబెట్టారు. అలా నిలబెడితే చేయాల్సినవి రెండు: వెనక బాక్స్‌కి ఈ లైను మూసి ఉంది అని బెల్ కొట్టాలి, ఆ లైన్ సిగ్నల్ లివర్ మీద కాలర్ వేయాలి. కాలర్ అంటే ఒక ఇనప రింగు, లివర్ మెడలో వేస్తే పిడి పట్టు దొరకదు, చెయ్యి వెళ్లగానే గుర్తొస్తుంది. రెండూ చేయలేదు. లోకల్ ఫైర్‌మన్ రూల్ 55 ప్రకారం పైకొచ్చాడు, రిజిస్టర్‌లో సంతకం పెట్టాడు, కాలర్ ఉందో లేదో చూడకుండా దిగిపోయాడు. టిన్స్‌లీ వంగి ఆ కాగితం మీద ఎంట్రీలు కాపీ చేస్తున్నాడు, మీకిన్ పేపర్లో యుద్ధం వార్తలు చదువుతున్నాడు, గూడ్స్ బండ్ల వాళ్లు కూడా లోపలే. ఈలోపు గలిపోలీ యుద్ధానికి పోయే సైనికుల స్పెషల్‌కి లైన్ క్లియర్ అడిగారు, టిన్స్‌లీ ఇచ్చేశాడు, సిగ్నళ్లు దించేశాడు. ఏ బండిలోంచి దిగాడో ఆ బండి కిటికీ అవతల కళ్లెదురుగా ఉంది!! సైనికుల బండి దాన్ని గుద్దింది, నిమిషం తిరక్కుండా ఎక్స్‌ప్రెస్ వచ్చి ఆ శిథిలాల్లోకి దూసుకుపోయింది. చెక్క పెట్టెలు, గ్యాస్. 220 మందికి పైనే చనిపోయారు, ఎక్కువమంది రాయల్ స్కాట్స్ పటాలం కుర్రాళ్లు. బ్రిటన్ చరిత్రలో అంతకంటే పెద్ద రైలు ప్రమాదం ఇప్పటికీ లేదు.

నా లెక్కలో టిన్స్‌లీని మతిమరుపు కంటే ఆ చిత్తు కాగితమే ఎక్కువ ముంచింది. రిజిస్టర్ అనేది జరుగుతున్నప్పుడు రాస్తేనే జ్ఞాపకం కింద పనికొస్తుంది. తర్వాత కాపీ చేస్తే అది ఉత్త రాతపని, చెయ్యి గతంలో ఉంటుంది, బండి ఇప్పుడు ఉంటుంది.

గూడ్స్ బండి:

బాప్‌రే. కిటికీ ముందున్న బండి మర్చిపోవడం ఏంటండీ. థాంక్స్ ఇద్దరికీ. మరి వాళ్లకి శిక్ష పడిందా? అంత బాధ్యత పెట్టి పన్నెండేసి గంటలు పని చేయించుకున్న కంపెనీలని ఎవరూ ఏమీ అనలేదా?

ఎర్రజెండా:

పడింది. టిన్స్‌లీకి మూడేళ్ల కఠిన శిక్ష, మీకిన్‌కి ఏడాదిన్నర. 1916 డిసెంబర్‌లో ఇద్దర్నీ వదిలేశారు. కంపెనీల గురించి అడిగారు కదా, అదే నేను చెప్దామనుకుంటున్నా, ఎందుకంటే ఈ టాపిక్ వచ్చినప్పుడల్లా మర్చిపోయాడు మర్చిపోయాడు అంటారు గానీ మనిషి ఏ స్థితిలో మర్చిపోయాడో ఎవరూ అడగరు.

1892 నవంబర్ 2, థర్స్క్ దగ్గర మేనర్ హౌస్ బాక్స్. జేమ్స్ హోమ్స్ అనే సిగ్నల్ మాన్. రాత్రి డ్యూటీ చేసి ఇంటికొచ్చేసరికి పసిపాప జబ్బు. డాక్టర్ కోసం తిరుగుతూ పగలంతా కన్ను మూయలేదు, పాప చనిపోయింది. ఆ రాత్రి నేను డ్యూటీ చేయలేను, ఇంకొకణ్ని పంపండి అని స్టేషన్ మాస్టర్ దగ్గరికి వెళ్లి చెప్పుకున్నాడు. మనిషిని పంపలేదు. చేసేది లేక వెళ్లి కూర్చున్నాడు. బాక్స్ ముందు గూడ్స్ బండి నిలబడి ఉండగానే నిద్రపట్టేసింది, లేచాక ఆ బండి సంగతి గుర్తులేదు, ఎక్స్‌ప్రెస్‌కి లైన్ క్లియర్ ఇచ్చాడు. 10 మంది పోయారు. కోర్టు దోషి అని తేల్చింది కానీ శిక్ష వేయకుండా వదిలేసింది. మరుసటేడే 1893 లో రైల్వే వాళ్ల పని గంటలు మరీ ఎక్కువైతే బోర్డ్ ఆఫ్ ట్రేడ్ అనే ప్రభుత్వ శాఖ జోక్యం చేసుకోవచ్చని చట్టం వచ్చింది. అలా అని ఎనిమిది గంటలు వచ్చేశాయనుకోకండి. రద్దీ బాక్సుల్లో ఎనిమిది, మామూలు వాటిలో పది, పల్లె బాక్సుల్లో పన్నెండు అలాగే నడిచాయి. రద్దీ తక్కువ కదా పన్నెండు గంటలైతే ఏం అని కంపెనీల వాదన. అందరికీ ఎనిమిది గంటలు 1919 ఫిబ్రవరిలో గానీ రాలేదు, అది కూడా యుద్ధం అయ్యాక, యూనియన్లు బలపడ్డాక.

అన్నట్టు బ్రిటన్ కార్మిక చరిత్రలో పెద్ద మలుపు కూడా ఒక సిగ్నల్ మాన్ దగ్గరే మొదలైంది. వేల్స్‌లో టాఫ్ వేల్ రైల్వే, జాన్ ఎవింగ్టన్ అని, జీతం పెంచండి అని పదే పదే అడిగినందుకు వేరే చోటికి బదిలీ కొట్టారు. 1900 ఆగస్టులో సమ్మె. కంపెనీ యూనియన్ మీద కేసు వేసింది, 1901 లో హౌస్ ఆఫ్ లార్డ్స్ కంపెనీ వైపు తీర్పిచ్చింది, యూనియన్ దగ్గర 23,000 పౌన్లు వసూలు చేశారు. అలాగైతే ఇక సమ్మె ఎవడు చేస్తాడు, చేస్తే యూనియన్ దివాలా. ఆ కోపంతోనే యూనియన్లు బిలబిలమంటూ కొత్తగా పుట్టిన లేబర్ పార్టీ వైపు వచ్చాయి, 1906 లో చట్టం మార్పించి ఆ తీర్పుని పక్కన పడేశారు. ఒక బదిలీ ఆర్డర్ ఎంత దూరం వెళ్లిందో చూడండి.

పాత లివర్:

ఎర్రజెండా గారూ, హోమ్స్ విషయంలో మీరన్నది నూటికి నూరు పాళ్లు ఒప్పుకుంటా. సటన్ కూడా ఆ రాత్రి పది గంటల డ్యూటీ ఆఖర్లో ఉన్నాడు. కానీ క్వింటిన్స్‌హిల్‌ని పని గంటల ఖాతాలో వేయకండి. టిన్స్‌లీ అప్పుడే డ్యూటీకి వచ్చాడు, అలసిపోయిన మనిషి కాడు. అక్కడ జరిగింది అలవాటు. బాక్స్‌లో పదిమంది చేరి కబుర్లు పెట్టడం, రోజూ ఏం కాలేదు కదా అని కాలర్ వేయకపోవడం. డ్యూటీ చేతులు మారే టైం ఎప్పుడూ ప్రమాదమే, దిగేవాడు పని అయిపోయింది అనుకుంటాడు, ఎక్కేవాడు ఇంకా మొదలవలేదు అనుకుంటాడు, నడుమ బండి ఎవరిదీ కాదు. నేను పనిచేసినన్నాళ్లూ చార్జ్ ఇచ్చేప్పుడు ఏ లైన్లో ఏముందో పైకి చదివి, కాలర్లు ముట్టుకుని చూపించి మరీ ఇచ్చేవాణ్ని. కుర్రాళ్లు చాదస్తం అనేవాళ్లు, అననీ.

ఎర్రజెండా:

సరే సర్, క్వింటిన్స్‌హిల్ వరకు మీ మాటే. కానీ ఆ ఆరున్నర ఒప్పందం అందరికీ తెలిసీ తెలియనట్టు సాగింది, పై అధికారులు ఒక్కసారి పొద్దున్నే వచ్చి చూసుంటే దొరికేది. అది మాత్రం వదలను నేను.

పొగమంచు:

లేటుగా వచ్చా, ఒక విషయం ఎవరూ ముట్టుకోలేదు. ఇదంతా కళ్లకి కనపడే రోజుల కథ. పొగమంచు వస్తే? సిగ్నల్ మాన్‌కి రెండొందల గజాల దూరంలో ఏదో ఒక గుర్తు ఉండేది, స్తంభమో చెట్టో, అది కనపడటం మానేస్తే ఫాగ్‌మన్‌లని పిలిపించాలి. వీళ్లెవరో కాదు, పగలంతా పట్టాలు బాగుచేసే గ్యాంగ్ వాళ్లే, నిద్రలోంచి లేపి తీసుకొస్తారు. ఒక్కో సిగ్నల్ కింద ఒక్కడు, చిన్న గుడిసె, బొగ్గుల కుంపటి. సిగ్నల్ డేంజర్‌లో ఉంటే పట్టా మీద టపాసు లాంటి డిటొనేటర్ బిగిస్తాడు, ఇంజన్ చక్రం ఎక్కగానే ఢామ్మంటుంది, డ్రైవర్ బ్రేకేస్తాడు. సిగ్నల్ దిగితే డిటొనేటర్ తీసేసి పచ్చ దీపం చూపిస్తాడు. రాత్రంతా ఇదే.

మంచు కురిస్తే ఇంకో రకం గోల. 1876 లో అబ్బట్స్ రిప్టన్ దగ్గర సిగ్నల్ చేతుల్లో మంచు పేరుకుని గడ్డకట్టి, లివర్ వెనక్కి వేసినా చెయ్యి క్లియర్‌లోనే ఉండిపోయింది. అప్పట్లో సిగ్నళ్లు మామూలుగా క్లియర్‌లోనే ఉంచేవాళ్లు, బండి ఉంటేనే డేంజర్. ఆ తర్వాతే తలకిందులు చేసి, ఎప్పుడూ డేంజర్‌లోనే ఉంచి బండి వస్తేనే దించడం మొదలెట్టారు.

దీపాలూ అంతే, అన్నీ కిరసనాయిలువి. దీపం వెనక వైపు చిన్న కంత ఉండేది, బాక్స్ లోంచి చూస్తే చుక్కలా వెలుగు కనపడుతుంది, సిగ్నల్ దించితే చేతితో పాటు ఒక రేకు వచ్చి ఆ కంత మూస్తుంది. అంటే చీకట్లో చుక్క కనపడితే దీపం వెలుగుతోంది, చెయ్యి డేంజర్‌లో ఉంది అని అర్థం. ముందు వైపు అద్దం పచ్చది అనుకుంటాం గానీ దగ్గరగా చూస్తే నీలం, కిరసనాయిలు మంట పసుపు కదా, రెండూ కలిస్తే దూరానికి పచ్చగా కనపడుతుంది. ఎవడు కనిపెట్టాడో గానీ తెలివైనవాడు.

గూడ్స్ బండి:

ఆ నీలం అద్దం విషయం అదుర్స్. ఆఖరిగా ఒక్కటి, మనిషి మర్చిపోతాడని తెలిశాక మెషిన్‌కే బండి ఉందో లేదో తెలిసేలా చేయలేదా?

డిస్టెంట్ సిగ్నల్:

చేశారు, అదే ట్రాక్ సర్క్యూట్. అప్పటికే పాత సంగతి, అమెరికాలో విలియం రాబిన్సన్ 1872 లోనే పేటెంట్ తీసుకున్నాడు. రెండు పట్టాల్లోకి బ్యాటరీతో చిన్న కరెంట్ పంపుతారు, అవతలి చివర రిలే, అంటే కరెంట్‌తో పనిచేసే స్విచ్. బండి వస్తే చక్రాలూ ఇరుసూ కలిసి ఒక పట్టా నుంచి ఇంకో పట్టాకి దారి ఇస్తాయి, కరెంట్ రిలే దాకా పోదు, రిలే పడిపోతుంది, సిగ్నల్ లివర్‌కి తాళం పడుతుంది. తీగ తెగినా బ్యాటరీ అయిపోయినా కూడా బండి ఉన్నట్టే చూపిస్తుంది, అంటే పాడైతే భద్రత వైపే పాడవుతుంది. హాస్ జంక్షన్ తర్వాత మిడ్‌లాండ్ వాళ్లు వీటిని చాలా చోట్ల గబగబా పెట్టారు. క్వింటిన్స్‌హిల్‌లో లేదు, బాక్స్ లోంచి అన్నీ కనపడుతున్నాయి కదా అలాంటి చోట ఎందుకని.

బ్రిటన్‌లో ఆలస్యానికి ఇంకో కారణం కూడా ఉంది, విడ్డూరంగా ఉంటుంది. అక్కడి ప్యాసింజర్ పెట్టెల చక్రాలు చాలావరకు మాన్సెల్ రకం, ఇనప అంచుకీ ఇరుసుకీ మధ్య టేకు చెక్క ముక్కలు. కుదుపు తక్కువ, చప్పుడు తక్కువ, ప్రయాణికులకి సుఖం. కానీ చెక్కలోంచి కరెంట్ పోదుగా, పట్టాల మీద బండి నిలబడి ఉన్నా సర్క్యూట్‌కి ఏమీ లేనట్టే! వాటన్నిటికీ అంచు నుంచి ఇరుసు దాకా లోహపు పట్టీలు బిగించుకుంటూ రావాల్సొచ్చింది.